బస్సు పెట్టడం వల్లే హాజరు పెరిగిందా? మా సంస్థ ప్రతిపాదనలోని వాదనను పరిశీలించి చెప్పగలరు

ప్రశ్న: గుంటూరు నుంచి, అకౌంట్స్ ఉద్యోగిని

నేను గుంటూరులో మిరప పొడి, మసాలా దినుసులు ప్యాక్ చేసే ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఇదే సంస్థకు విజయవాడ ఆటోనగర్‌లో ఇంకొక యూనిట్ ఉంది. అక్కడ నడుస్తున్నట్టే గుంటూరు యూనిట్‌లోనూ ఉద్యోగులకు ఉచిత బస్సు పెట్టాలని మా సిబ్బంది విభాగం యాజమాన్యానికి ఒక ప్రతిపాదన పంపింది. దాన్ని పరిశీలించి అభిప్రాయం రాయమని ఐదుగురితో కమిటీ వేశారు. అందులో నేను కూడా ఉన్నాను.

ప్రతిపాదనలోని వాదనను ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను. విజయవాడ యూనిట్‌లో 2024 అక్టోబరు 1న బస్సు మొదలైంది. అంతకు ముందు మూడు నెలల్లో, అంటే జూలై నుంచి సెప్టెంబరు వరకు, అక్కడ గైర్హాజరు సగటున 12 శాతం ఉండగా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అది 6 శాతానికి దిగింది. బస్సు ఎక్కేవారిని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది బస్సు వల్లే తాము క్రమం తప్పకుండా పనికి రాగలుగుతున్నామని చెప్పారు. గుంటూరులో గైర్హాజరు 10 శాతం ఉంది కాబట్టి, ఇక్కడ బస్సు పెడితే అది 5 శాతానికి తగ్గుతుంది. అలా మిగిలే పనిదినాల కూలి విలువ బస్సు అద్దె కన్నా ఎక్కువ కనుక, ఈ సౌకర్యం వల్ల సంస్థకు పైసా ఖర్చు ఉండదు.

నా ఇబ్బంది ఏమిటంటే, ఈ బస్సు రావాలని మనసారా కోరుకునేవారిలో నేనే ముందుంటాను. మంగళగిరి నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో గుంటూరు వచ్చి, అక్కడ షేర్ ఆటో నిండేదాకా ఎదురుచూసి యూనిట్ చేరేసరికి సగం ఓపిక అయిపోతుంది. అయినా ఆ కాగితం చదివినప్పుడు లెక్క ఎక్కడో కుదరలేదనిపించింది. ఎక్కడ కుదరలేదో వరుసగా చెప్పలేకపోతున్నాను. తప్పులు ఎత్తిచూపితే, నాతోపాటు పనిచేసేవారి నోటి దగ్గరి కూడు తీసినదాన్ని అవుతానేమోనన్న భయం కూడా ఉంది. ఇలాంటి వాదనను ఎలా పరిశీలించాలో, నోట్‌లో ఏమి రాయాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: విజయవాడ నుంచి, డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు

మేడమ్, ప్రతిపాదనలోని తేదీలు చదవగానే నా చూపు సెప్టెంబరు దగ్గర ఆగిపోయింది. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత వానకు బుడమేరు వాగు పొంగి, గండ్లు పడి, సెప్టెంబరు 1 నాటికి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలు నీట మునిగిన సంగతి మన జిల్లాల్లో ఎవరికీ గుర్తు చేయనక్కర లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీరు తీయలేదు. మా కళాశాలలో ఆ రోజుల్లో హాజరు పట్టీ తెరవడానికే మనసు రాలేదు. ఆటోనగర్‌లో పనిచేసేవారిలో ఎంతోమంది ఆ కాలనీల నుంచే వస్తారు. అటువంటి నెలను ‘బస్సుకు ముందు’ అన్న లెక్కలో చేర్చితే, ఆ తర్వాత బస్సు పెట్టినా పెట్టకపోయినా గైర్హాజరు తగ్గి తీరుతుంది. అందువల్ల మూడు నెలల సగటును పక్కనపెట్టి, జూలై, ఆగస్టు, సెప్టెంబరు అంకెలను విడివిడిగా ఇమ్మని మీరు మొదట అడగాలి.

ఆ తర్వాత చూడవలసినది మీ చేతిలోనే ఉంది. 2024లో గుంటూరు యూనిట్‌కు బస్సు లేదు. అవే నెలల్లో గుంటూరు గైర్హాజరు ఎలా మారిందో మీ మస్టరు (హాజరు పట్టీ) చూసి చెప్పగలరు. బస్సు లేని గుంటూరులోనూ దాదాపు అంతే తగ్గి ఉంటే, విజయవాడ తగ్గుదలను బస్సు ఖాతాలో వేయడానికి వీల్లేదు. అక్కడ తగ్గి ఇక్కడ తగ్గకపోతే, ఆ తేడా మేరకు మాత్రమే బస్సుకు కొంత ఘనత ఇవ్వవచ్చు. వీలైతే 2023 అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలను కూడా పక్కన పెట్టుకోండి. ఎందుకంటే ఏటా దసరా నుంచి సంక్రాంతి ముందు వరకు హాజరు ఒక తీరుగా ఉండి, జనవరిలో మరొక తీరుగా మారడం ఆంధ్రలో ఏ మస్టరు చూసినా కనిపిస్తుంది. మీ ప్రతిపాదన సరిగ్గా సంక్రాంతికి ముందే లెక్క ఆపేసింది. జనవరిని ఎందుకు వదిలేశారని అడగడం న్యాయమైన ప్రశ్న.

కాకి వాలగానే తాటిపండు పడితే, కాకి వల్లే పడిందనుకోవడాన్ని మనవాళ్లు కాకతాళీయం అన్నారు. అందరికీ తెలిసిన మాటే. మీకు ఇక్కడ అంతకన్నా పనికొచ్చేది మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోని ‘ఉపాధి’ (కొలువు అన్న అర్థంలో కాదు) అనే ఊహ. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందని ఎవరైనా అంటే, ఆ శాస్త్రం ఒప్పుకోదు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే కట్టెలో తడి ఉండాలి. వాదించేవాడు చెప్పకుండా వదిలేసిన ఆ తడి కట్టెనే ఉపాధి అంటారు. వంటింట్లో తడి కట్టెలు ఉన్నాయి కనుక అక్కడ నిప్పు, పొగ కలిసి కనిపించాయి. దాన్ని చూసి, కమ్మరి కొలిమిలోని ఇనుములో కూడా పొగ ఉంటుందని తేల్చకూడదు. విజయవాడలో బస్సు, హాజరు కలిసి కనిపించిన చోట దాగి ఉన్న తడి కట్టె ఏదో తేలితేనే, ఆ ఫలితం గుంటూరుకు వర్తిస్తుందో లేదో చెప్పగలం.

ఇందులో ఇంకొక మెలిక కూడా ఉంది. వరదలో లెక్కలేనన్ని మోటారు సైకిళ్లు మునిగి, ఇంజన్లలోకి నీరు చేరి, వారాల తరబడి మెకానిక్ షెడ్ల ముందు వరుసలో నిలబడ్డాయి. బండి లేని ఆ అక్టోబరులో కంపెనీ బస్సు నిజంగానే ఎంతోమందిని పనికి చేర్చి ఉండవచ్చు. అంటే బస్సు మేలు చేయలేదని నేను అనడం లేదు. ఆ మేలుకు కారణమైన పరిస్థితి 2025లో గుంటూరులో లేదని మాత్రమే అంటున్నాను.

సర్వే గురించి ఒక్క మాట. బస్సు ఎక్కేవారినే అడిగారు. ఎక్కనివారిని, ఎక్కి మానేసినవారిని అడగలేదు. క్రమం తప్పకుండా పనికి వచ్చే అలవాటున్నవారే రోజూ బస్సు ఎక్కుతారు కాబట్టి, వారి హాజరు బాగుండటం బస్సు గొప్పతనమో వారి గొప్పతనమో ఆ జవాబుల నుంచి తెలియదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2016లో దాదాపు 5,000 మంది ఉద్యోగులపై ఒక ఆరోగ్య కార్యక్రమాన్ని లాటరీ పద్ధతిలో ప్రయత్నించారు. కార్యక్రమంలో చేరినవారిని చేరనివారితో పోల్చితే వైద్య ఖర్చులు మొదలైన వాటిలో పెద్ద తేడా కనిపించింది. లాటరీలో అవకాశం వచ్చినవారందరినీ రానివారందరితో పోల్చితే మాత్రం వైద్య ఖర్చులోగానీ గైర్హాజరులోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరోగ్యంపై ముందునుంచే శ్రద్ధ ఉన్నవారు ఎక్కువగా చేరడమే దానికి కారణం.

సమాధానం: గుంటూరు నుంచి, ప్యాకింగ్ యూనిట్ సూపర్‌వైజరు

పై అధ్యాపకులు చెప్పిన వాటితో నాకు పేచీ లేదు. అయితే అంకెల వెనక ఉన్న మనుషుల గురించి నేను చెప్పగలిగింది కొంత ఉంది.

మా యూనిట్ కూడా గుంటూరు శివార్లలోనే ఉంది. మా దగ్గర పనికి రానివారు ఎందుకు రాలేదో నేను ప్రతి ఉదయం రాసుకుంటాను. జనవరి నుంచి మార్చి వరకు, ఒక్కోసారి ఏప్రిల్‌లో కూడా, చుట్టుపక్కల ఊళ్లలో మిరప కోతలు జరుగుతాయి. కోతల రోజుల్లో చేలో కూలి రేటు పెరుగుతుంది. భార్యాభర్తలిద్దరూ చేలోకి వెళితే నాలుగు రోజుల్లో చేతికందే డబ్బు మా దగ్గర వారం పనిచేసినా రాదు. అలాంటి మనిషి ఇంటి ముందు కంపెనీ బస్సు ఆపి హారన్ కొట్టినా ఎక్కడు. దాన్ని తప్పు పట్టడానికి కూడా నాకు మనసొప్పదు. ఇవే నెలల్లో గుంటూరు మిర్చి మార్కెట్ యార్డుకు మిర్చి టిక్కీలతో (బస్తాలతో) లారీలు, ట్రాక్టర్లు బారులు తీరడంతో యార్డు చుట్టుపక్కల దారులన్నీ బిగుసుకుపోతాయి. బస్సు పెట్టినా ఆ రద్దీలోనే నిలబడాలి. ఆటోనగర్ యూనిట్‌కు ఈ రెండు చిక్కులూ లేవు. అందుచేత గైర్హాజరు అనే పేరు ఒక్కటే అయినా, అక్కడి జబ్బు వేరు, ఇక్కడి జబ్బు వేరు.

ఆ ప్రతిపాదనలో 2024 నాటి లెక్కలే ఉన్నాయి కనుక, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వారి దృష్టికి వచ్చినట్టు లేదు. ఆర్టీసీ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు ఆడవారికి ప్రయాణం ఉచితం. మా యూనిట్‌లో సగానికి పైగా ఆడవారే. కాబట్టి బస్సు చార్జీ ఆదా అవుతుందన్న ఆకర్షణ వారికి ఇదివరకటి అంత ఉండదు. వారు పడుతున్న అసలు కష్టం చివరి మూడు కిలోమీటర్ల షేర్ ఆటో, రెండో షిఫ్టు వదిలాక రాత్రి ఇంటికి చేరడం. ఆ వేళకు మా దగ్గరి నుంచి ఊళ్లవైపు వెళ్లే ఆర్టీసీ బస్సు ఒక్కటీ దొరకదు. బస్సు ఎందుకు కావాలో రాయాలంటే నేనైతే ఇక్కడి నుంచి మొదలుపెడతాను.

సమాధానం: విజయవాడ నుంచి, ఒక ప్రైవేటు సంస్థలో మేనేజరు

నాకు ఈ చర్చ తీరు కొంచెం బాధ కలిగిస్తోంది. ఉద్యోగులకు ఒక మేలు చేద్దామని యాజమాన్యం దగ్గరకు వెళ్లినప్పుడు లాభం చూపించకపోతే ఎవరూ కాగితం వైపు చూడరు. సిబ్బంది విభాగంవారికి దొరికిన అంకెలు అవి, వాటితో వారు వాదించారు. ఇంత కఠినమైన రుజువు అడిగితే ఏ కార్యాలయంలోనూ ఏ నిర్ణయమూ జరగదు. మీ కమిటీ అభ్యంతరాలు రాస్తే యాజమాన్యం ఫైలు మూసేస్తుంది, బస్సు రాదు. అందరికీ బస్సు కావాలన్నప్పుడు, దానికి చూపిన కారణం కాస్త బలహీనంగా ఉన్నా ఊరుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

సమాధానం: గుంటూరు నుంచి, సిబ్బంది విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వ్యక్తి

అమ్మా, పై మేనేజరుగారి ఆవేదన నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు నేను సరిగ్గా ఆయన చెప్పినట్టే చేశాను. నేను పనిచేసిన ఒక సంస్థలో మధ్యాహ్న భోజనం ఉచితంగా పెట్టాలని ప్రతిపాదన రాసింది నేనే. భోజనం పెడితే మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లి ఆలస్యంగా వచ్చేవారు తగ్గుతారని, ఉత్పత్తి ఇంత పెరుగుతుందని, చేతికొచ్చిన అంకె ఒకటి వేశాను. మంజూరైంది. ఏడాదిన్నర పాటు రెండువందల మంది వేడి అన్నం తిన్నారు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన అధికారి నా కాగితమే బయటకు తీసి, నువ్వు రాసిన ఉత్పత్తి ఎక్కడ పెరిగిందని అడిగాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ నెలాఖరుకు వంటశాల మూసేశారు. ఆ అన్నం మంచిదే, దాన్ని పెట్టడానికి మంచి కారణాలు ఉండేవి కూడా. వాటిని రాయకుండా నిలబడని కారణం రాసినందువల్ల, ఆ భోజనం పోవడానికి దారి చూపినవాణ్ణి నేనే అయ్యాను. టిఫిన్ డబ్బాలు మళ్లీ పట్టుకొచ్చిన ఆడవారిని మొదటిరోజు చూడలేక నేను గదిలోనే కూర్చున్నాను.

అందుకే, తప్పు చూపితే బస్సుకు అడ్డుపడినట్టవుతుందని అనుకోవద్దు. వాదన చెల్లకపోయినంత మాత్రాన వాదన చివర ఉన్న కోరిక చెడ్డదైపోదు. ఈ రెండింటినీ నోట్‌లో వేరు వేరు పేరాల్లో రాయండి.

ఇక మీ అకౌంట్స్ కన్ను పడవలసిన తప్పు ఒకటి ఎవరూ ఇంకా చెప్పలేదు. మిగిలే పనిదినాల కూలి విలువ అన్నారు కదా, ఆ డబ్బు ఎవరి జేబులోనుంచి మిగులుతుంది? రోజు కూలీ పనికి రాకపోతే సంస్థ ఆ రోజు కూలి ఇవ్వదు. వస్తే ఇస్తుంది. కాబట్టి హాజరు పెరిగితే కూలి ఖర్చు పెరుగుతుంది, ఆదా కాదు. పెరిగిన హాజరు వల్ల ఎక్కువ సరుకు ప్యాక్ అయి అమ్ముడుపోతే లాభం ఉండవచ్చు. అయితే దాన్ని సరుకు లెక్కలో చూపాలి, కూలి లెక్కలో కాదు. నెల జీతగాళ్ల విషయానికి వస్తే, వారు పెట్టే సెలవుల్లో చాలా భాగం వారికి హక్కుగా వచ్చినవే. పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఆ సెలవును గైర్హాజరు కింద రాసి, బస్సు దాన్ని తగ్గిస్తుందనడం లెక్కకూ నిలవదు, ధర్మానికీ నిలవదు. మీ 10 శాతంలో మంజూరైన సెలవులు కలిసి ఉన్నాయేమో ముందు చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. నాలుగు రోజులుగా రెండు యూనిట్ల మస్టరులు తెప్పించుకుని కూర్చున్నాను. తేలినవి చెబుతాను.

విజయవాడలో 2024 జూలై గైర్హాజరు 8 శాతం, ఆగస్టు 7, సెప్టెంబరు 21. ఈ మూడింటి సగటే ప్రతిపాదనలోని 12. వరద నెల తీసేస్తే బస్సుకు ముందు ఏడున్నర, తర్వాత 6, అంటే తగ్గింది ఒకటిన్నర. బస్సు లేని గుంటూరులో అవే నెలల్లో 9 నుంచి 8కి తగ్గింది. రెండింటి మధ్య తేడా అరశాతం. ఆ అరశాతం బస్సుదే అనుకున్నా, ప్రతిపాదన ఆశ చూపిన 5 శాతానికి అది ఏ మూలకూ చాలదు. జనవరిలో రెండు చోట్లా గైర్హాజరు ఎగబాకింది. గుంటూరులో ఫిబ్రవరి, మార్చి నెలలు మరీ ఎక్కువ. సూపర్‌వైజరుగారు చెప్పిన కోతల కాలం మా పట్టీలో అద్దంలా కనిపించింది. పెద్దాయన అనుమానించినట్టే 10 శాతంలో మంజూరైన సెలవులూ ఉన్నాయి.

వెతకనిది కూడా ఒకటి దొరికింది. ఆలస్యంగా వచ్చినవారి పంచ్ వివరాలు చూస్తే, విజయవాడలో అక్టోబరు నుంచి ఆలస్యాలు సగానికి తగ్గాయి. వరద జ్ఞాపకాలు, బండ్ల మరమ్మతులు ముగిసిన తర్వాత, 2025 వేసవి దాకా అలాగే తక్కువగా ఉన్నాయి. గుంటూరులో ఆ మార్పు లేదు. ఆగస్టుతో పోల్చినా, ఏడాది కిందటి నెలలతో పోల్చినా ఇది నిలబడుతోంది. ప్రతిపాదనలో దీని ప్రస్తావనే లేదు.

ఒకే ఒక సందేహం మిగిలింది. బస్సు పెట్టి చూద్దామని రాస్తే, రేపు దాని ఫలితం తెలుసుకోవడానికి మళ్లీ ఇలాంటి గందరగోళమే అవుతుంది కదా?

సమాధానం: విజయవాడ నుంచి, స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు

మేడమ్, మీ ఆలస్యాల లెక్క చూసి నిజంగా సంతోషం కలిగింది. అది ప్రతిపాదనలోని వాదన కన్నా ఎన్నో రెట్లు గట్టిది.

మీ సందేహానికి ఒక దారి ఉంది. రెండు రూట్లు వేయవలసి ఉంటుంది కనుక, ఒకటి మంగళగిరి, పెదకాకాని వైపు, రెండోది ప్రత్తిపాడు వైపు అనుకుందాం. ఏది ముందు నడవాలో చీటీ వేసి తేల్చండి. మొదటిది వెంటనే, రెండోది నాలుగు నెలల తర్వాత మొదలుపెట్టండి. ఎవరికీ అన్యాయం జరగదు, కొందరికి కొంత ఆలస్యంగా అందుతుందంతే. ఆ నాలుగు నెలలూ రెండు వైపులవారి ఆలస్యాలను పోల్చితే, కోతలైనా పండుగలైనా వానలైనా రెండు వైపులా ఒకేలా తాకుతాయి కనుక, తేడాను చాలావరకు బస్సుకు ఆపాదించవచ్చు. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ ఇంటినుంచి పని విషయంలో ఇలాగే చేసింది. ఒప్పుకున్న కాల్ సెంటరు ఉద్యోగుల్లో సరి తేదీన పుట్టినవారిని తొమ్మిది నెలలపాటు ఇంటి నుంచి, బేసి తేదీన పుట్టినవారిని ఆఫీసు నుంచి పనిచేయించి పోల్చారు. ఇంటి నుంచి చేసినవారి పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. అలా తేలిన అంకె కనుకనే ఆ సంస్థ ఆ సౌకర్యాన్ని మిగతావారికీ విస్తరించింది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఏది కొలుస్తారో, ఎంత తేడా వస్తే చాలనుకుంటారో బస్సు కదలకముందే కాగితం మీద రాసి కమిటీ అందరూ సంతకం చేయండి.

ప్రశ్న అడిగినవారు

అలాగేనండీ. నోట్ రాశాను. గైర్హాజరు సగం తగ్గుతుందన్న వాదన ఎందుకు చెల్లదో మొదటి పేజీలో, బస్సు అయినా ఎందుకు పెట్టాలో రెండో పేజీలో ఉంది. రెండో షిఫ్టు ఆడవారు రాత్రి ఇంటికి చేరే విషయాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, దానికి ఏ లాభం లెక్కా జోడించలేదు. దాని కింద ఆలస్యాల లెక్క ఉంది. కూలి ఆదా అన్న వాక్యాన్ని పూర్తిగా తీసేయమని కోరాను. బస్సుకు అయ్యే ఖర్చును ఖర్చుగానే చూపించాను. చీటీలో మా మంగళగిరి వైపు రెండోదిగా వచ్చినా సరేనని కమిటీలో ముందే చెప్పాను. సోమవారం యాజమాన్యంతో సమావేశం ఉంది.